20 లక్షల కోట్లలో మన చేతికి వచ్చిందెంత?

2020 మే నెలలో చాలామంది ఒక భాగహారం చేశారు. కోవిడ్ లాక్‌డౌన్ దెబ్బ నుంచి ఆదుకోవడానికి కేంద్రం ప్రకటించిన ప్యాకేజీ 20 లక్షల కోట్ల రూపాయలు. దేశ జనాభా సుమారు 135 కోట్లు. అంటే తలా పదిహేను వేలు, నలుగురున్న ఇంటికి అరవై వేలు. మరి ఇంట్లో ఆడవాళ్ల ఖాతాలో పడింది ఐదు వందలేమిటి? వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగిన ఈ ప్రశ్నను తెలియనితనం కింద కొట్టిపారేయకూడదు. ప్రజల డబ్బు గురించి ప్రజలు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. లెక్కలో తేడా వచ్చింది ఒక్కచోటే. ఆ 20 లక్షల కోట్లూ పంచిపెట్టే డబ్బు కాదు. పంచేది కొంత, అప్పుగా ఇచ్చేది కొంత, ఇంకొకరి అప్పుకు హామీ ఉండేది కొంత, బ్యాంకులకు అందుబాటులో ఉంచేది కొంత. అన్నిటినీ రూపాయల్లోనే లెక్కకడతారు కాబట్టి కూడితే ఒకే పెద్ద అంకె వస్తుంది. ఆ అంకె వెనక ఏ రూపాయి ఎలాంటిదో తెలిస్తేనే అది ఎవరికి చేరిందో, ఎవరికి చేరలేదో అర్థమవుతుంది.

ఆ మే 12 రాత్రి ప్రధాని ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీని ప్రకటించారు, జీడీపీలో దాదాపు 10 శాతం అన్నారు. మర్నాటి నుంచి 17వ తేదీ దాకా ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ వరుసగా ఐదు రోజులు విలేకరుల ముందు కూర్చుని వివరాలు చెప్పారు. చివరి రోజు చూపిన పట్టికలో మొత్తం 20,97,053 కోట్లు. అందులో 8,01,603 కోట్లు రిజర్వు బ్యాంకు అంతకుముందే తీసుకున్న చర్యల విలువ. మరో 1,92,800 కోట్లు మార్చి నుంచి ప్రకటిస్తూ వచ్చిన సహాయాలవి. పేదలకు నగదు, బియ్యం ఇచ్చిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ఇందులోదే. మిగతా 11 లక్షల కోట్ల పైచిలుకే ఆ ఐదు రోజుల కొత్త ప్రకటనలు. వాటిలోనూ పెద్ద పద్దులు చూడండి: చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్లు, కిసాన్ క్రెడిట్ కార్డుల మీద రైతులకు 2 లక్షల కోట్లు, వ్యవసాయ మౌలిక వసతులకు లక్ష కోట్లు, విద్యుత్ పంపిణీ సంస్థలకు 90 వేల కోట్లు. నాలుగూ అప్పులే. తీసుకున్నవాళ్లు తిరిగి కట్టాల్సినవే. బడ్జెట్ నుంచి అదనంగా బయటికి వెళ్లే సొమ్ము జీడీపీలో ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటుందని అప్పట్లోనే పలువురు ఆర్థిక విశ్లేషకులు లెక్కగట్టారు.

అప్పు సాయం కాదా అంటే, అవుతుంది. షట్టర్ దించేసిన దుకాణానికి సమయానికి దొరికిన అప్పు ప్రాణం పోసినంత పని చేస్తుంది. కానీ కూలి పోగొట్టుకున్న మనిషికి అప్పు సాయం కాదు, ఇంకో బరువు. ఈ రెండింటినీ ఒకే పేరుతో, ఒకే మొత్తంలో కలిపి చెప్పడం వల్లే జనానికి ప్యాకేజీ మీద అనుమానం పుట్టింది. విడివిడిగా చెప్పి ఉంటే ప్రభుత్వానికే మేలు జరిగేదని నా అభిప్రాయం.

రిజర్వు బ్యాంకు ఎనిమిది లక్షల కోట్ల సంగతి త్వరగా చెప్పేసుకోవచ్చు. మనం వేసే డిపాజిట్లలో కొంత శాతాన్ని బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాలి. దాన్ని 4 శాతం నుంచి 3 శాతానికి తగ్గించారు. దాంతో 1.37 లక్షల కోట్లు బ్యాంకుల చేతికి తిరిగొచ్చాయి. ఆ సొమ్ము ప్రభుత్వం ఇచ్చినది కాదు, బ్యాంకులదే. అప్పులిస్తారో లేదో బ్యాంకుల ఇష్టం. వ్యాపారాలన్నీ మూతపడ్డ ఏప్రిల్, మే నెలల్లో ఎవరికిస్తే ఏమవుతుందోనన్న భయంతో బ్యాంకులు రోజూ ఏడు లక్షల కోట్లకు పైగా సొమ్మును మళ్లీ రిజర్వు బ్యాంకు దగ్గరే దాచుకున్నాయి. అలా దాచుకోవడం దండగ అనిపించాలని రిజర్వు బ్యాంకు దానిమీద ఇచ్చే వడ్డీని ఏప్రిల్ 17న 3.75 శాతానికి తగ్గించింది కూడా. ఈఎంఐల మారటోరియం కూడా ఈ తరహాదే. మార్చి నుంచి ఆగస్టు చివరిదాకా వాయిదాలు కట్టకపోయినా ఎగవేతగా చూడలేదు గానీ, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. మాఫీ అనుకుని ఆగినవాళ్లకు ఆ తర్వాత తెలిసొచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లాక, 2 కోట్ల లోపు రుణాలకు ఆ ఆరు నెలల వడ్డీ మీద వడ్డీని కేంద్రం భరించింది.

చిన్న పరిశ్రమల 3 లక్షల కోట్ల దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ప్రభుత్వం రూపాయి తీయకుండా రూపాయిని ఎలా కదిలించగలదో, ఆ రూపాయి ఎవరి దగ్గరికి వెళ్లి ఎవరి దగ్గరికి వెళ్లదో ఈ పథకం చాలా స్పష్టంగా చూపిస్తుంది. ఊళ్లో ఒకరు అప్పు తీసుకుంటుంటే పరపతి ఉన్న మరొకరు జామీను సంతకం పెడతారు చూడండి, ఇక్కడ కేంద్రం చేసింది అదే. అప్పిచ్చేది బ్యాంకు. తీసుకున్నవాళ్లు కట్టలేకపోతే నూటికి నూరు రూపాయలూ మేం ఇస్తామని నేషనల్ క్రెడిట్ గ్యారంటీ ట్రస్టీ కంపెనీ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా కేంద్రం హామీ ఇచ్చింది. రేపు మునిగే అప్పుల కోసం కేంద్రం పక్కన పెట్టుకుంటామన్నది 41,600 కోట్లు. అంటే 41,600 కోట్ల పూచీతో 3 లక్షల కోట్ల అప్పులు నడిపించాలన్నది ఆలోచన. పట్టికలో మాత్రం 3 లక్షల కోట్లూ ఎక్కాయి.

ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు షెడ్లు ఊహించుకుందాం. మొదటి షెడ్డు యజమానికి 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో 50 లక్షల బాకీ ఉంది. వాయిదాలు సరిగ్గానే కడుతున్నాడు. నిబంధన ప్రకారం బాకీలో 20 శాతం దాకా కొత్త అప్పు ఇవ్వొచ్చు. అంటే 10 లక్షలు. కొత్తగా తాకట్టు అక్కర్లేదు. బ్యాంకయితే వడ్డీ 9.25 శాతం దాటకూడదు, ఫైనాన్స్ కంపెనీ అయితే 14 శాతం. నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేదు. అతనికి బ్యాంకు నుంచే ఫోన్ వచ్చి ఉంటుంది, ఎందుకంటే బ్యాంకుకు నష్టభయం లేదు. రెండో షెడ్డు యజమాని ఏనాడూ బ్యాంకు గడప తొక్కలేదు. ఇనుము కొట్టువాడి దగ్గర అరువు, ప్రైవేటు ఫైనాన్స్‌లో రోజువారీ వడ్డీ. ఇతని బ్యాంకు బాకీ సున్నా. సున్నాలో 20 శాతం సున్నా. మూడో రకం వాళ్లూ ఉన్నారు: లాక్‌డౌన్‌కు ముందే వాయిదాలు 60 రోజులు దాటి ఆగిపోయినవాళ్లు. వాళ్లను నిబంధనే పక్కన పెట్టేసింది. అవసరం ఎక్కువున్న ఇద్దరికీ అందలేదు, పరపతి ఉన్నవాడికి వేగంగా అందింది.

దీన్ని తప్పని నేననను. బ్యాంకు దగ్గర అప్పటికే కాగితాలున్నవాళ్లకు ఇవ్వడం రోజుల్లో అయ్యే పని. కొత్తవాళ్లను పరిశీలించి ఇవ్వాలంటే నెలలు పడుతుంది, అప్పటికి పరిశ్రమలు మిగలవు. తర్వాత పరిమితిని 4.5 లక్షల కోట్లకు, హోటళ్లూ పర్యాటకం కోసం మరికొంత కలిపి 5 లక్షల కోట్లకు పెంచి, 2023 మార్చి దాకా నడిపించారు. కోటి మందికి పైగా రుణగ్రహీతలకు అందింది. సుమారు 13.5 లక్షల చిన్న సంస్థలు ఎగవేతదారుల జాబితాలో పడకుండా ఈ పథకం కాపాడిందని ఎస్‌బీఐ పరిశోధన విభాగం 2022 జనవరిలో అంచనా వేసింది. మంచి పథకమే. కానీ అది ఎవరికోసం తయారైందో దాని మొదటి నిబంధనలోనే రాసి ఉంది.

ఇక నిజంగా పంచిన డబ్బు. దీనికి ముందు అసలు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. లాక్‌డౌన్‌లో పన్నులు రావు, ఖర్చు పెరుగుతుంది. 2020-21లో మార్కెట్ నుంచి 7.8 లక్షల కోట్లు అప్పు తేవాలని బడ్జెట్‌లో అనుకున్న కేంద్రం, మే 8న ఆ మొత్తాన్ని 12 లక్షల కోట్లకు పెంచింది. జీడీపీలో 3.5 శాతం ఉంటుందనుకున్న ద్రవ్యలోటు ఆ ఏడాది 9 శాతం దాటింది. తెచ్చిన డబ్బునైనా మంత్రి ప్రకటించినంత మాత్రాన ఖర్చు పెట్టడానికి వీల్లేదు. పార్లమెంటు ఆమోదం లేకుండా సంచిత నిధి నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగం చెబుతోంది. బడ్జెట్‌లో అనుకున్నదానికి మించి కావాలంటే అనుబంధ పద్దులు పెట్టాలి. మే నెలలో ఉపాధి హామీకి ప్రకటించిన అదనపు 40 వేల కోట్లు పార్లమెంటు ముందుకు వచ్చింది సెప్టెంబరులో. ఈ మధ్యకాలంలో బడ్జెట్‌లో ఉన్న 61,500 కోట్లనే ముందుగా వాడుతూ వచ్చారు. ప్రకటనకూ సొమ్ముకూ మధ్య ఉండే ఎడంలో కొంత ఇలాంటిదే. ఇది సర్కారు అలసత్వం కాదు, పార్లమెంటుకున్న అధికారం.

మార్చి 26న ప్రకటించిన గరీబ్ కల్యాణ్ విలువ 1.70 లక్షల కోట్లు. 80 కోట్ల మందికి నెలకు ఐదు కిలోల బియ్యమో గోధుమలో ఉచితం, ఇంటికి కిలో పప్పు. పీఎం కిసాన్ రైతులకు 2,000 ముందుగానే. వృద్ధులు, వితంతువులు, దివ్యాంగుల్లో పేదలకు వెయ్యి. జన్‌ధన్ ఖాతాలున్న 20 కోట్లకు పైగా మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు. ఈ చివరి పద్దు ఒక్కటే దాదాపు 31 వేల కోట్లు.

ఆ ఐదు వందలు వచ్చిన దారి చూద్దాం. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంజూరు చేస్తుంది. పీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ ఆ సొమ్మును బ్యాంకులకు పంపుతుంది. బ్యాంకు తన దగ్గరున్న జన్‌ధన్ మహిళా ఖాతాల్లో వేస్తుంది. నాయకుడి సిఫార్సు లేదు, దరఖాస్తు లేదు, మధ్యలో చేయి తడిపే అవసరం లేదు. ఒకప్పటి పంపిణీలు చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మార్పో తెలుసు. ఏప్రిల్‌లో ఒక్కసారిగా జనం బ్యాంకుల మీద పడకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి తేదీలిచ్చారు: చివర 0, 1 ఉన్నవాళ్లకు ఏప్రిల్ 3న; 2, 3 ఉన్నవాళ్లకు 4న; అలా 9వ తేదీ దాకా. ఎండలో మీటరు దూరంలో సున్నపు గుండ్రాలు గీసి నిలబెట్టారు. డబ్బు ఖాతాలోకి రావడానికి రోజు పట్టలేదు. ఖాతాలోంచి చేతికి రావడానికే కష్టమైంది. బస్సుల్లేవు. ఊళ్లో బ్యాంకు లేని చోట్ల వేలిముద్ర మిషన్ పట్టుకుని తిరిగే బ్యాంకు మిత్రలే దిక్కు. ఇళ్లలో అంట్లు తోమే, చేలల్లో నాట్లేసే చేతుల మీద గీతలు అరిగిపోయి మిషన్ వేలిముద్ర తీసుకోక వెనుదిరిగినవాళ్లున్నారు.

ఇంకో చిక్కు ఈ డబ్బు ఎవరికివ్వాలన్న గీతలో ఉంది. జన్‌ధన్ ఖాతా ఉండటం, పేదరాలై ఉండటం ఒకటి కావు. మామూలు సేవింగ్స్ ఖాతా ఉన్న పేదరాలికి రాదు. జన్‌ధన్ ఖాతా ఉన్న కాస్త కలిగినామెకు వస్తుంది. డ్వాక్రా సంఘాలు బలంగా ఉన్న మన రాష్ట్రాల్లో జన్‌ధన్ రాకముందే ఎందరో ఆడవాళ్లకు బ్యాంకు ఖాతాలున్నాయి. ముందే బ్యాంకులో అడుగుపెట్టడమే వాళ్లను ఈ ఐదు వందలకు దూరం చేసింది. దేశంలోని పేద మహిళల్లో సగానికి పైగా ఈ సాయానికి బయటే ఉండిపోయే అవకాశముందని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఏప్రిల్‌లోనే హెచ్చరించారు.

ఇదే సమయంలో రెండు తెలుగు రాష్ట్రాలూ మరో జాబితా పట్టుకున్నాయి: రేషన్ కార్డు. తెలంగాణ ప్రభుత్వం తెల్లకార్డు కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేసి, ఖాతా దొరకనివాళ్లకు పోస్టాఫీసుల్లో అందించింది. ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి వెయ్యి రూపాయలు ఇచ్చింది, ఏప్రిల్ 4న గ్రామ, వార్డు వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి నోట్లు చేతికిచ్చారు. వాలంటీర్ల వ్యవస్థ మీద రాజకీయంగా ఎవరి మాట వారిది. బస్సులు లేని ఆ వారంలో మాత్రం గడప దగ్గరికి వచ్చిన వెయ్యికీ, పది మైళ్ల దూరంలో ఖాతాలో ఉన్న వెయ్యికీ తేడా ఉంది. సాయం ఎంత ఇచ్చారన్నదే కాదు, చివరి మైలు ఎవరు నడవాలన్నది కూడా పంపిణీలో భాగమే.

పీఎం కిసాన్ లాంటి కొన్ని పథకాల సొమ్ము ఆధార్ ఆధారంగానూ వస్తుంది. అక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. ఒక మనిషికి నాలుగు ఖాతాలుంటే, ఆధార్‌ను చివరిగా ఏ బ్యాంకుతో ముడిపెట్టారో ఆ ఖాతాకే డబ్బు వెళుతుంది. సిమ్ కార్డుతోపాటు తెరిచిన పేమెంట్ బ్యాంకు ఖాతా అయినా సరే. డబ్బు పడలేదని మండలాఫీసు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరి సొమ్ము వాళ్లు మరిచిపోయిన ఖాతాలో కూర్చుని ఉంటుంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో చూపిస్తుంది, మీసేవలోనో సచివాలయంలోనో చూపించుకోవచ్చు.

బియ్యం పంపిణీ బాగా జరిగింది. గోదాముల్లో నిల్వలు దండిగా ఉన్నాయి, ఎక్కడికక్కడ డీలర్లున్నారు, ఈపోస్ మిషన్లున్నాయి. మూడు నెలలకని మొదలై పలుమార్లు పొడిగించి 2022 డిసెంబరు దాకా అదనపు బియ్యం ఇచ్చారు. కానీ కార్డు లేనివాళ్ల దగ్గర అంతా తడబడింది. సొంతూళ్లకు కాలినడకన బయల్దేరిన వలస కూలీల కోసం మే నెలలో కేంద్రం 8 కోట్ల మందికి రెండు నెలలపాటు ఐదు కిలోల చొప్పున ప్రకటించింది. ఈ 8 కోట్లు ఎక్కడి లెక్క? ఎవరూ లెక్కపెట్టింది కాదు. ఆహార భద్రత చట్టం కింద ఉన్న 80 కోట్లలో పదో వంతు ఉంటారులే అనుకుని వేసిన అంకె. వాళ్లు ఎక్కడున్నారో, ఏ రాష్ట్రం ఎవరికివ్వాలో తెలియక కేటాయించిన ధాన్యంలో పెద్ద భాగం అనుకున్న గడువులో పంపిణీ కాలేదు. దారిలో చనిపోయిన వలస కూలీలెందరో తమ దగ్గర లెక్క లేదని సెప్టెంబరులో కార్మిక శాఖ పార్లమెంటుకు చెప్పింది. గిడ్డంగిలో ధాన్యం ఉంది, ఖజానాలో 3,500 కోట్లు ఉన్నాయి, ఇవ్వాలన్న ఉత్తర్వూ ఉంది. లేనిది పేర్ల జాబితా ఒక్కటే.

ఉపాధి హామీ దీనికి పూర్తి భిన్నంగా నడిచింది. ఢిల్లీలో ఎవరో ఎంపిక చేసిన జాబితా కాదు అది. పని అడిగినవాళ్ల పేరే జాబితా. జాబ్ కార్డు ఉంటే సరిపోయేది, లేకపోతే అడిగి తీసుకునే వీలుండేది. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఊరికి తిరిగొచ్చిన యువకులు కూడా ఆ వేసవిలో పలుగూ పారా పట్టుకుని చెరువు పనికి వెళ్లారు. అప్పట్లో దాని సొమ్ము నడిచిన దారి ఇది: పొద్దున మేట్ మస్టర్ (హాజరు) వేసేవారు. వారం చివర ఎంత మట్టి తీశారో కొలతలు తీసి పుస్తకంలో రాసేవారు. మండల కార్యాలయంలో కంప్యూటర్‌లో ఎక్కించి చెల్లింపు ఉత్తర్వు తయారు చేసేవారు. దానిమీద డిజిటల్ సంతకం పడ్డాక కేంద్రం నుంచి కూలీ ఖాతాకు నేరుగా డబ్బు వచ్చేది. పదిహేను రోజుల్లో రావాలని అప్పటి చట్టం. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాల్సి ఉండేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ ఏడాది రోజు కూలి రేటు 237 రూపాయలు, కాకపోతే కొలతను బట్టి అంతకు తగ్గి పడ్డవాళ్లే ఎక్కువ. దేశం మొత్తం మీద 7.5 కోట్ల కుటుంబాలు పనిచేశాయి, 389 కోట్ల పనిదినాలు నడిచాయి, ఖర్చు 1.11 లక్షల కోట్లు. మే నెలలో పెంచాక అనుకున్న 1,01,500 కోట్లనూ దాటేసింది. ప్యాకేజీ మొత్తంలో అడిగినవాళ్లకు అడిగినప్పుడు తలుపు తెరిచి ఉంచిన పద్దు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

రాష్ట్రాలకు వెళ్లిన భాగం గురించి పత్రికల్లో తక్కువ చదివాం, కానీ మన ఊళ్లమీద దాని ప్రభావం ఎక్కువ. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు తేవాలంటే రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఆ ఏడాది రాష్ట్రాల అప్పు పరిమితిని వాటి స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ)లో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచారు. విలువ 4.28 లక్షల కోట్లు. ఇది కేంద్రం ఇచ్చిన డబ్బు కాదు, అప్పు చేసుకోవడానికి అనుమతి. పైగా పెంచిన 2 శాతంలో అరశాతమే బేషరతు. ఒక శాతాన్ని నాలుగు పావులు చేసి నాలుగు సంస్కరణలకు ముడిపెట్టారు: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార అనుమతుల సరళీకరణ, పట్టణ సంస్థల ఆదాయం పెంపు, విద్యుత్ పంపిణీ. వీటిలో మూడు పూర్తి చేస్తే చివరి అరశాతం.

ఆ షరతుల్ని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ మే 18నే తీవ్రంగా తప్పుపట్టారు. ఆంధ్రప్రదేశ్ మరో దారి ఎంచుకుంది, మధ్యప్రదేశ్‌తో కలిసి మూడు సంస్కరణలు పూర్తి చేసిన మొదటి రాష్ట్రాల్లో నిలిచింది, దానికి ప్రోత్సాహకంగా మూలధన వ్యయానికి అదనంగా 344 కోట్లు పొందింది. అది 50 ఏళ్లకు వడ్డీ లేని రుణం. విద్యుత్ సంస్కరణలో ఒక భాగం ఏమిటంటే, కనీసం ఒక జిల్లాలో రైతుకిచ్చే కరెంటు రాయితీని నగదు బదిలీ కిందకు మార్చాలి. అలా శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు వచ్చాయి. ఉచిత విద్యుత్తు పోతుందేమోనని రైతులు ఆందోళన పడ్డారు, ప్రతిపక్షాలు నిరసన తెలిపాయి, ప్రభుత్వం బిల్లు మేమే కడతామని చెప్పింది. మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని తెలంగాణ ప్రభుత్వం తేల్చి చెప్పింది. శ్రీకాకుళంలో పొలం గట్టున బిగించిన మీటరుకూ కోవిడ్ ప్యాకేజీకీ సంబంధం ఉందని ఆ రైతుల్లో ఎంతమందికి తెలుసో! కష్టకాలంలో ఇచ్చే అనుమతికి దీర్ఘకాలపు విధానాన్ని షరతుగా పెట్టడం సరైనదేనా అన్న చర్చ అసెంబ్లీల్లోనూ, రైతు సంఘాల్లోనూ ముందే జరగాల్సింది. షరతు ఒప్పుకున్నాక జరిగింది.

అమెరికాలో నేరుగా చెక్కులిచ్చారు కదా, అక్కడ ఈ చిక్కులుండవు అనుకునేవాళ్లుంటే అక్కడి తెలుగువాళ్లను అడగాలి. 2020 మార్చి 27న చట్టమైన కేర్స్ యాక్ట్ ప్రకారం ఏడాదికి 75 వేల డాలర్ల లోపు ఆదాయమున్నవాళ్లకు 1,200 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి లక్షన్నర లోపుంటే 2,400, పదిహేడేళ్ల లోపు పిల్లలకు తలా 500. పన్ను రిటర్నుల్లో ఉన్న బ్యాంకు ఖాతాల్లోకి ఏప్రిల్ మధ్యకల్లా డబ్బు పడటం మొదలైంది. హెచ్-1బీ మీద ఉండి పన్ను కడుతున్నవాళ్లూ అర్హులే. అయితే ఉద్యోగం చేయడానికి అనుమతి లేని హెచ్-4 భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, పన్ను కోసం వేరే నంబరు ఇస్తారు. ఇద్దరూ కలిసి రిటర్ను వేస్తే, ఆ ఒక్క కారణంతో కుటుంబం మొత్తానికీ ఆగిపోయింది, అక్కడే పుట్టిన పిల్లల వాటాతో సహా. డిసెంబరులో చట్టం సవరించి, నంబరున్న మనిషికీ పిల్లలకూ వెనకటి తేదీ నుంచి ఇచ్చారు. అక్కడ తప్పు తొమ్మిది నెలల్లో దిద్దారు.

మన దగ్గర అలా దిద్దినదీ ఒకటుంది. వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి. అప్పట్లో మొదట 10 వేల అప్పు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ, తర్వాత 20 వేలు, ఆపైన 50 వేలు. మొదట అడిగింది పురపాలక సంఘం ఇచ్చిన గుర్తింపు కార్డు. తోపుడు బండి మీద ఇడ్లీలమ్మేవాళ్లలో ఎందరికి ఆ కార్డుంటుంది? వీధి వ్యాపారుల సర్వేలో పేరు లేకపోతే పురపాలక సంఘం సిఫార్సు లేఖ ఇచ్చినా చాలని నిబంధనలో వెసులుబాటు పెట్టారు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్లు బజార్లలో తిరిగి బండ్లవాళ్ల పేర్లు రాసుకున్నారు. ఆధార్‌కున్న పాత ఫోన్ నంబరు మార్చుకోవడానికి కేంద్రాల ముందు వరుసలు కట్టినా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో లక్షల మందికి ఆ అప్పు అందింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో జగనన్న తోడు పేరుతో చిరువ్యాపారులకు 10 వేల సున్నా వడ్డీ రుణాలు మొదలుపెట్టింది. జాబితాలో లేనివాళ్లను గుర్తించే పనిని స్థానిక సంస్థకు అప్పగిస్తే, కష్టకాలంలో కూడా జాబితా తెరవొచ్చని ఇది రుజువు చేసింది.

కౌలు రైతుకు ఆ తలుపు తెరుచుకోలేదు. 2020 ఏప్రిల్‌లో పీఎం కిసాన్ 2,000 పడింది భూమి ఎవరి పేర ఉందో వాళ్లకు. జూన్‌లో తెలంగాణ రైతుబంధు ఎకరానికి 5,000 పడింది పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాళ్లకు. ఆంధ్రప్రదేశ్ రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చారు, అందుకు 2019లో సాగుదారు హక్కుల చట్టం కూడా తెచ్చారు. కానీ 11 నెలలకిచ్చే ఆ కార్డు కావాలంటే భూమి యజమాని అంగీకారం ఉండాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. గోదావరి డెల్టాలో ఊరంతా కౌలు మీదే సాగయ్యే చోట్ల, ఎరువు కొన్నదీ కూలీలకిచ్చిందీ ఒకరు, ఫోన్‌లో డబ్బు పడిందన్న సందేశం వచ్చేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇంకొకరికి. ఏ గట్టు మీద ఎవరు నాటు వేయించారో ఊళ్లో వ్యవసాయ సహాయకుడికి తెలుసు. పంట నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఆ సాగుదారు పేరు ఎక్కించే వీలూ ఉంది. ఆ పేరుకు డబ్బు పంపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. అడ్డు ఒకటే: పాస్‌బుక్ ఉన్నవాళ్లే రైతులని చెప్పే నిబంధన. దాన్ని మార్చడానికి మరో ప్యాకేజీ దాకా ఆగక్కర్లేదు.